మన్రోలప్ప: ఒక దొర పేరు సీమ ఇంట్లోకొచ్చిన వైనం

మన కాలేజీలో ఏ సెక్షన్ అటెండెన్స్ చూసినా ఇద్దరు సాయిలు, ముగ్గురు కార్తీక్‌లు, ఒక చరణ్ తేజ గ్యారంటీ. లెక్చరర్ "సాయీ" అని పిలిస్తే సగం బెంచీలు తలెత్తుతాయి. ఇలాంటి కాలంలో, పిలిస్తే ఒక్కడే పలికే పేరు ఒకటి పరిచయం చేస్తాను. మన్రోలప్ప.

చదవగానే నవ్వొస్తుంది, కానీ ఇది నిజంగా మగపిల్లలకి పెట్టిన పేరు. 19వ శతాబ్దంలో కడప, అనంతపురం వైపు రైతుల ఇళ్ళల్లో ఈ పేరున్న పిల్లలు ఉండేవాళ్ళని మన్రో జీవితచరిత్ర రాసిన ఇంగ్లీషువాళ్ళు ప్రత్యేకంగా చెప్పుకున్నారు. కడప పల్లెల్లో ఆయన మీద పాటలు పాడుతూ అడుక్కునేవాళ్ళు ఉండేవాళ్ళని కూడా రాశారు.

ముందు పేరుని విడగొడదాం. చివర ఉన్న 'అప్ప' సీమవాళ్ళకి చెప్పక్కర్లేదు. తిమ్మప్ప, ఈరప్ప, మారెప్ప, నాగప్ప. పక్కనే కన్నడ దేశం కాబట్టి, బళ్ళారి అయితే 1953 దాకా మనతోనే మద్రాసు రాష్ట్రంలో ఉంది కాబట్టి, ఈ 'అప్ప' అటూ ఇటూ ఒకేలా వినిపిస్తుంది. అర్థం తండ్రి, పెద్దాయన. (శ్రీకాకుళం, విజయనగరం ఫ్రెండ్స్ ఇక్కడ కంగారు పడకండి. మీ దగ్గర అప్ప అంటే అక్క అని తెలుసు. ఇది ఆ అప్ప కాదు.) మొదట ఉన్న 'మన్రో' ఒక స్కాట్లండ్ ఇంటిపేరు. మరి మధ్యలో ఆ 'ల' ఏంటి? నా లెక్క ప్రకారం అది గౌరవానికి చేర్చే 'లు'. శాస్త్రులు, సోమయాజులు, రామానుజులు అన్నట్టే మన్రోలు. దానికి 'అప్ప' చేరితే ఉత్వ సంధి. ఇంటర్‌లో రెండు మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ సంధే. మన్రోలు + అప్ప = మన్రోలప్ప. అంటే ఒక స్కాట్లండ్ ఇంటిపేరుకి మనవాళ్ళు ముందు గౌరవం తగిలించి, తర్వాత చుట్టరికం తగిలించి, సంధి కూడా చేసి, సొంత పేరు చేసేసుకున్నారు.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. 1780లో కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసు వచ్చాడు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌లతో జరిగిన యుద్ధాల్లో ఉన్నాడు. ఆ తర్వాత సేలం ప్రాంతంలో, అప్పట్లో బారామహల్ అనేవాళ్ళు, రెవెన్యూ పని నేర్చుకున్నాడు. 1800లో నిజాం తన దగ్గరున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను ఇంగ్లీషువాళ్ళకి రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభల్లో వచ్చేదాకా ఈ నేలకి ఆ ఇచ్చేసిన పేరే. దాని మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్ మన్రో, 1800 నుంచి 1807 దాకా. మకాం అనంతపురం అని పేరుకే గానీ, ఎక్కువ కాలం గుడారాల్లోనే ఊరూరూ తిరిగాడు. దుబాసీని మధ్యలో పెట్టుకోకుండా రైతుతో నేరుగా మాట్లాడగలిగేవాడు.

సివిల్ బ్రాంచి వాళ్ళు ఈ పేరా కాస్త జాగ్రత్తగా చదవండి. 1802 జూన్‌లో మన్రో భూమి సర్వే మొదలుపెట్టినప్పుడు, మొత్తం దత్తమండలాల్లో భూమి కొలవడం తెలిసినవాళ్ళు నలుగురంటే నలుగురు గుమాస్తాలు. వాళ్ళు ఇంకొందరికి నేర్పారు, ఆ కొందరు మరికొందరికి. చివరికి సర్వేయర్లు వంద మంది దాకా అయ్యారు. కొలిచింది 33 అడుగుల గొలుసుతో. 33 అడుగులు ఇంటూ 33 అడుగులు అంటే 1089 చదరపు అడుగులు. దాన్ని 40తో హెచ్చిస్తే 43,560, సరిగ్గా ఒక ఎకరం. ఆ నలభయ్యో వంతుకి మన ఇళ్ళల్లో ఇప్పటికీ వాడే పేరు గుంట. క్యాలిక్యులేటర్ లేకుండా పొలం గట్టు మీద లెక్క తేలిపోవడానికి ఇంతకన్నా మంచి గొలుసు పొడవు దొరకదు. నాకైతే రాజకీయం మొత్తం పక్కన పెట్టినా ఈ ఒక్క సంఖ్య చాలు, ఆ సర్వే మీద గౌరవం పుట్టడానికి.

ఆ కొలత దేనికంటే రైత్వారీ కోసం. అదే కాలంలో ఉత్తర సర్కార్లలో కంపెనీ జమీందార్లతో శాశ్వత ఒప్పందాలు చేసుకుంటోంది. అక్కడ శిస్తు కట్టేది జమీందారు. రైతు ఎవరో సర్కారుకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మన్రో పద్ధతిలో అలా కాదు. మధ్యలో ఎవరూ లేకుండా సర్కారు నేరుగా రైతుతో మాట్లాడుకుంటుంది. ఏ పొలం, ఎంత, శిస్తు ఎంత అని రైతు పేరు మీద పట్టా రాస్తుంది. ఒక మామూలు కాపు పేరు సర్కారు కాగితంలోకి ఎక్కడం అప్పట్లో చిన్న విషయం కాదు. మన్రోలప్ప అనే పేరు పుట్టింది ఈ పట్టాలోంచే అని నా అభిప్రాయం. దొర రైతు పేరు రాసుకున్నాడు, రైతు దొర పేరు కొడుక్కి పెట్టుకున్నాడు.

అయితే పట్టా ఒక్కటే కారణం కాకపోవచ్చు. శిస్తు మరీ బరువుగా ఉందని మన్రోకే తెలుసు. 1807లో వెళ్ళిపోయే ముందు అన్ని భూముల మీదా నూటికి 25 తగ్గించమని, బావుల కింద సాగయ్యే భూమికి ఇంకో 8 తగ్గించమని పైవాళ్ళకి సిఫార్సు రాశాడు. పైవాళ్ళు వినలేదు. వినకపోగా రైత్వారీనే పక్కన పెట్టి ఊళ్ళకి ఊళ్ళు గుత్తకిచ్చారు. 1820లో అదే మనిషి మద్రాసు గవర్నర్‌గా తిరిగొచ్చి రైత్వారీని మళ్ళీ తెచ్చి, పాత తగ్గింపు అమలు చేయించాడు. పదమూడేళ్ళ పాటు పెండింగ్‌లో ఉన్న ఫైల్‌ని, దాన్ని రాసినవాడే గవర్నరై వచ్చి క్లియర్ చేశాడన్నమాట. శిస్తు తగ్గిన ఇంట్లో ఆ పేరు గుర్తుండిపోవడంలో వింతేముంది?

ఇక చావు. పేర్లు నిలబడటంలో చావుకి పెద్ద పాత్ర ఉంటుంది. 1827లో స్వదేశం వెళ్ళే ముందు చివరిసారి సీమని చూసి వద్దామని బయల్దేరాడు. గుత్తి దాటాక కలరా తగిలింది. జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో పోయాడు. గుత్తి కోట కింద పూడ్చారు. తర్వాత అస్థికలు మద్రాసు సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా ఒక తోపు వేసి, ఒక బావి తవ్వించారు. మద్రాసులో 1839లో గుర్రం మీద విగ్రహం నిలబెట్టారు, జీనూ రికాబులూ లేని గుర్రం. నీళ్ళు లేని సీమకి బావి, నగరానికి విగ్రహం. ఎవరికి తగ్గది వాళ్ళకి.

ఊరికి వీడ్కోలు చెప్పడానికొచ్చి ఊళ్ళోనే పోయిన మనిషి చుట్టూ కథలు అల్లుకోకుండా ఉంటాయా? వేంపల్లి దగ్గర గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర, పాపాఘ్ని కొండల్ని చీల్చుకొచ్చే చోట, ఆ కొండకీ ఈ కొండకీ కట్టిన బంగారు తోరణం మన్రోకి కనబడిందట. అది కనబడినవాళ్ళు ఎక్కువ కాలం బతకరట. మంత్రాలయంలో మఠం మాన్యం గురించి విచారించడానికి వెళ్తే, రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి వచ్చి ఆయన ఒక్కడితోనే మాట్లాడారని ఇంకో కథ. తిరుమలలో మన్రో గంగాళం అని ఒక పెద్ద పాత్ర గురించి కూడా చెప్తారు. ఇవి జరిగాయా అని నేను వాదించను. నాకు ఆసక్తిగా అనిపించేది వేరే. ఈ కథలన్నింటిలో దొర మన దేవుళ్ళని చూడగలిగినవాడు. పక్కనున్నవాళ్ళకి కనబడనిది ఆయనకి కనబడింది. అంత చనువు వచ్చాక పేరు చివర 'అప్ప' పెట్టడానికి అడ్డేముంది?

ఇక్కడ ఆపేస్తే ఇది దొరగారి భజన అవుతుంది. ఇదే మన్రో సీమలో దాదాపు 80 మంది పాలెగాళ్ళని సైన్యంతో అణచివేయించాడు. కొందరిని వెళ్ళగొట్టారు, కొందరికి పింఛను పడేశారు. ఆ పాలెగాళ్ళ వారసుల కడుపుమంటలోంచే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు వచ్చింది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ని ఉరి తీశారు. ఆయన మీదా సీమలో పాటలున్నాయి. పట్టా అనేది భూమి ఉన్నవాడికే వచ్చింది. ఆ భూమిలో కూలి చేసినవాడి పేరు ఏ కాగితంలోకీ ఎక్కలేదు. 1876-78 కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఎలా నాశనమయ్యాయో చదివితే, రైత్వారీ అందర్నీ కాపాడలేదని అర్థమవుతుంది. కాబట్టి మన్రోలప్ప 'సీమ ప్రజల ప్రేమకి గుర్తు' అని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. అది పట్టాదారు ఇంటి పేరు. పాలెగాడి ఇంట్లోనో, కూలివాడి గుడిసెలోనో పుట్టిన బిడ్డకి ఆ పేరు పెట్టడానికి నాకైతే కారణం కనబడదు.

మరి పేరు అంతకాలం ఎలా నిలిచింది? మన ఆనవాయితీ వల్ల. పెద్ద కొడుక్కి తాత పేరు. ఒక ఇంట్లో ఒక్క మన్రోలప్ప ఉంటే చాలు, మనవడి రూపంలో ఇంకోడు వస్తాడు. ఆ మనవడికి అసలు దొర ఎవరో తెలియక్కర్లేదు, వాడికది తాత పేరు. మన్రో పోయి అరవై డెబ్భై ఏళ్ళైనా పేరు బతికే ఉందంటే కారణం ఇదే అయ్యుండాలి. ఆ గొలుసు తెగిందీ ఇక్కడే. తాత పేరు పెట్టడం మానేసి నక్షత్రం అక్షరాలు, న్యూమరాలజీ పట్టుకున్నాం. మారెప్ప మనవడు మనోజ్ అయ్యాడు. తిమ్మప్పలే తగ్గిపోతుంటే మన్రోలప్ప ఎక్కడ మిగులుతాడు?

పరాయివాడి పేరు పిల్లలకి పెట్టడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. తమిళనాడులో కరుణానిధి కొడుకు 1953 మార్చి 1న పుడితే, నాలుగు రోజులకి సోవియట్ నేత స్టాలిన్ పోయాడు, పిల్లాడి పేరు స్టాలిన్ అయింది. ముల్లపెరియార్ డ్యామ్ కట్టిన ఇంజనీరు పెన్నీక్విక్ పేరు తేని జిల్లాలో పిల్లలకి పెట్టుకుంటారు. (ఇంజనీరు పేరు! మనలో ఎవరికి ఆ అదృష్టమో.) మన దగ్గర బోస్, నెహ్రూ, లెనిన్ ఉన్నారు. కానీ ఒక తేడా గమనించండి. వీటన్నింటినీ వచ్చినవి వచ్చినట్టే వాడుకున్నాం. స్టాలినప్ప లేడు, లెనినయ్య లేడు. అప్పటికి పేపర్లు, పోస్టర్లు వచ్చేశాయి, పేరు అచ్చులో కనబడింది, దాన్ని ముట్టుకోలేదు. మన్రో పేరు మాత్రం సీమ రైతు చెవిన పడింది. చెవిన పడ్డ పేరుని నోరు తనకి తగ్గట్టు మార్చుకుంది.

మన క్లబ్‌లో అనంతపురం, కడప, కర్నూలు, బళ్ళారి నుంచి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ట్రంకుపెట్టెలోని పాత పట్టాలు, భాగపరిష్కారం కాగితాలు, తాతల కాలం పెళ్ళిపత్రికలు ఒకసారి తిరగేయండి. ఎక్కడైనా మన్రోలప్ప కనబడితే, ఇంట్లో పెద్దవాళ్ళు ఆ పేరుని ఎలా పలుకుతారో ఫోన్‌లో రికార్డు చేసి తీసుకురండి. 'న్రో' అంటారా, 'ణ్రో' అంటారా అన్నది తేలితే, ఆ 'ల' గురించి నేను చెప్పిన సంధి లెక్కని మళ్ళీ కూర్చుని చూసుకుందాం.