ఇల్లు ఖాళీ చేయుమని నోటీసు వ్రాయుట



మేనల్లుడా, నీ సీనియరు వకీలుగారు తొలిపనిగా నీచేత అద్దె యింటి నోటీసు ముసాయిదా వ్రాయింపబూనిరని తెలిసి సంతోషించితిని. చూపునకు అది చిన్న కాగితమే. కాని పిల్లలను చేరువ బడిలో చేర్చి, ఇరుగుపొరుగులతో కలిసిమెలిసి కాపురము చేసికొనుచున్న ఒక కుటుంబమును ఆ యిల్లు విడిచిపొమ్మని చెప్పు కాగితమగుటచే, అందలి ప్రతి వాక్యమును కోర్టులో నిలువదగినదిగను, ఆ యింటి గడపలో చదువుకొనువారిని అవమానింపనిదిగను ఉండవలెను.

మొట్టమొదట ఆ యింటికి ఏ చట్టము వర్తించునో తేల్చికొనుము. హైదరాబాదున 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమున్నది గాని, 2005 నాటి సవరణ పిమ్మట నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె యిండ్లను అది స్పృశింపదు. దానికి లోబడిన యింటి విషయమున, బుద్ధిపూర్వకముగ అద్దె ఎగవేయుట, అనుమతి లేక మరొకరికి అద్దెకిచ్చుట, యజమానికి నిజముగ స్వంత అవసరము కలుగుట వంటి కారణమొకటి రెంటు కంట్రోలరు ఎదుట రుజువు కావలసినదే. అట్టిచోట ఆస్తి బదిలీ చట్టపు నోటీసు అక్కరలేదని ధనపాల్ చెట్టియార్ కేసున సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 1979లో తీర్పు చెప్పినది. మీ కక్షిదారుని మేడమీది వాటా అద్దె ఆ పరిమితికి ఎంతయో మీదిది గనుక, నీకు కావలసినది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 106వ సెక్షను.

వేరు ఒడంబడిక లేనప్పుడు నివాసపు అద్దెను నెలనెలా సాగు కౌలుగా ఎంచి, 15 దినముల నోటీసుతో ఇరువురిలో ఎవరైనను ముగింపవచ్చునని ఆ సెక్షను చెప్పుచున్నది. ఒప్పందములో నెలయో రెండు నెలలో గడువు వ్రాసికొనియుండిన అదియే ప్రమాణము. కావున యజమాని, అద్దెదారుల పదకొండు నెలల అగ్రిమెంటు తెప్పించి చదువక కలము పట్టకుము. పూర్వము నోటీసు గడువు అద్దె నెలతోనే ముగియవలెనను నియమముండెడిది. ఆ నెల 1వ తేదీన మొదలగునా, 5వ తేదీన మొదలగునా యను లెక్కలో ఒక్క దినము తప్పుటచే న్యాయమైన దావాలు సైతము కొట్టివేయబడుచుండెడివి. 2002 డిసెంబరు 31 నుండి అమలైన సవరణ ఆ చిక్కును తొలగించినది. ఇప్పుడు గడువు నోటీసు అందిన దినము నుండి నడచును; అందు పేర్కొన్న కాలము తక్కువైనను, చట్టపు గడువు తీరిన పిదప దావా వేసినచో, ఆ యొక్క కారణముచే నోటీసు చెల్లకపోదు.

ఇంటి నెంబరు, అంతస్తు, నాలుగు హద్దులు, నెల అద్దె వ్రాసిన పిమ్మట, "ఇకపై కౌలు కొనసాగింప నిచ్చగింపక ఇందుమూలముగా రద్దు పరచుచున్నాము; నోటీసు అందిన 15 దినములు తీరగనే ఖాళీ చేసి స్వాధీనపరచగలరు" అను వాక్యమును స్పష్టముగ నిలుపుము. నోటీసునకు ప్రాణమదియే. దూషణలు, బెదిరింపులు కక్షిదారుడు ఎంత పట్టుపట్టినను చేర్పవలదు. యజమానియో అతని పక్షమున మరొకరో సంతకము చేయవలెను. తపాలాలో పంపవచ్చును, అద్దెదారు చేతికో ఇంటనున్న అతని కుటుంబసభ్యులకో పనివారికో ఈయవచ్చును. ఏదియు సాధ్యపడనిచో ఆ యింటనే నలుగురికి కనబడుచోట అంటింపవలెను. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపిరి. కావున స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదును, బట్వాడా రుజువును ఫైలులో భద్రపరచుము.

చట్టము చెప్పునది కనీసపు గడువే. ఆ యింట బడిపిల్లలున్నచో వార్షిక పరీక్షలు ముగియువరకు ఆగుమని కక్షిదారునికి గట్టిగా చెప్పుము. నా యనుభవమున అట్లు ఆగినచోట కోర్టు గుమ్మమెక్కకయే ఇండ్లు ఖాళీయైనవి.

గడువు తీరిన తరువాత అద్దెను అద్దెగానే పుచ్చుకొన్నచో, 113వ సెక్షను ప్రకారము నోటీసును వదలుకొన్నట్లు ఎంచు ప్రమాదమున్నది. కావున "వినియోగ పరిహారము" అని రసీదులో వ్రాయించుము. నోటీసు ఇచ్చితిమి గదా యని నీళ్లు కట్టివేయుట, కరెంటు తీయించుట, తాళము వేయుట ఎంతమాత్రము కూడదు. అట్లు వెళ్లగొట్టబడినవాడు 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టపు 6వ సెక్షను క్రింద ఆరు నెలలలోపల దావా వేసినచో, ఇల్లెవరిదను ప్రశ్నతో నిమిత్తము లేకయే కోర్టు అతనికి తిరిగి స్వాధీనమిప్పించును.

అడ్వాన్సు సొమ్ము ఎంత, ఏనాడు తిరిగి ఇచ్చెదరో కక్షిదారుని నడిగి అదియు చేర్చి, హద్దులు దస్తావేజుతో సరిచూచుకొని, ముసాయిదా నాకు పంపుము.