చిట్టికి, ఆ అయిదేళ్ల సీటు గురించి

చిట్టీ,

నీ మెసేజ్ చూశాను. ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు కొట్టి పంపేయొచ్చు గానీ, మనబడిలో నువ్వు నేర్చుకున్న తెలుగు ఎంత మిగిలిందో చూద్దామని ఇలా రాస్తున్నాను. అడ్డం తగిలినచోట మీ అమ్మని అడుగు. డబ్బు సంగతులున్నాయి కాబట్టి తనూ ఎలాగూ చదవాలి.

డిగ్రీ, మాస్టర్స్ కలిపి అయిదేళ్లలో ఇచ్చే ఆక్యుపేషనల్ థెరపీ కోర్సులో పన్నెండో తరగతి అవగానే చేరిపోవాలా, లేక ఏదో ఒక డిగ్రీ చేసి అప్పుడు మాస్టర్స్‌కి వెళ్లాలా అని కదా నువ్వడిగింది. ముందు నేనొకటి అడుగుతాను. ఆమదాలవలసలో అమ్మమ్మని చూసి వచ్చాక ఈ ఆలోచన కలిగిందన్నావు. అక్కడ నువ్వేం చూశావు?

నేను చూసింది చెప్తాను. పక్షవాతం వచ్చిన మూడో వారం అది. ఫిజియో అబ్బాయి వచ్చి అమ్మమ్మని లేపి, వసారా చివరిదాకా నడిపించాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ మొహం తిప్పేసుకుంది. మధ్యాహ్నం అన్నం చెంచాతో పెట్టబోతే నోరే తెరవలేదు. నడిచినా నడవకపోయినా, తన చేత్తో తాను కలుపుకు తినాలి, అదీ ఆవిడ బాధ. ఇలాంటివాళ్లకి ఇక్కడ అమెరికాలో మేం లావుపాటి పిడి ఉన్న చెంచా ఇస్తాం. ఆవిడ దృష్టిలో చెంచా జ్వరం వచ్చినవాళ్ల వస్తువు. సరే అని చపాతీ పిండి ముద్ద కుడిచేతిలో పెట్టి నొక్కించాను. తర్వాత గుప్పెడు శనగలు గిన్నెలోంచి గిన్నెలోకి. తర్వాత మెత్తగా కలిపిన పెరుగన్నం, అంచు ఎత్తుగా ఉన్న పళ్లెంలో, జారకుండా కింద తడిగుడ్డ వేసి. మొదటి ముద్ద నోటిదాకా వెళ్లడానికి పదకొండు రోజులు పట్టింది. అందులోనూ సగం చీర మీదే పడింది. నువ్వు వచ్చేసరికి ఆవిడ హాయిగా తింటోంది. ఆ పదకొండు రోజులూ నువ్వు చూడలేదు. నా ఉద్యోగమంతా ఆ పదకొండు రోజులే.

ఆక్యుపేషనల్ థెరపీని కుదిస్తే ఓటీ. కానీ ఇండియాలో ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్, ఇక్కడ ఆఫీసుల్లో ఓవర్‌టైమ్. మాకంటూ ఆ రెండక్షరాలు ఎక్కడా దక్కలేదు. ‘ఆక్యుపేషన్’ అని ఉంది కదా, ఉద్యోగాలిప్పిస్తారా అని అడిగినవాళ్లూ ఉన్నారు. మా లెక్కలో ఆ మాటకి మనిషి రోజంతా చేసుకునే పనులన్నీ వస్తాయి, బొత్తాలు పెట్టుకోవడం, జడ వేసుకోవడం, పిల్లాడు బళ్లో పెన్సిల్ పట్టుకోవడం కూడా. అన్నట్టు, ఇండియాలో ఈ చదువు మొదలుపెట్టింది అమెరికాలో పుట్టిన ఒకావిడ. ఎలిజబెత్ లండీ. పెళ్లయ్యాక కమలా నింబ్‌కర్. 1950లో బొంబాయి కెయీఎం ఆస్పత్రిలో ఆవిడ బడి పెట్టింది. నేను అటునుంచి ఇటు వచ్చాను, ఆవిడ ఇటునుంచి అటు వెళ్లింది.

నేను కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో చదివి, 90లలో ఆ ఒక్క డిగ్రీతోనే వచ్చేశాను. నర్సింగ్‌హోములు మమ్మల్ని గుంపులుగా పిలిపించుకున్న రోజులవి. నీకా సుఖం లేదు. 2007 నుంచి ఇక్కడ థెరపిస్టు కావాలంటే మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ ఉండాల్సిందే. ఇక్కడ చదివేవాళ్లు, కోర్సులకి గుర్తింపిచ్చే ఎకోట్ ఆమోదించిన కోర్సు పూర్తి చేస్తేనే ఎన్‌బీకాట్ అనే జాతీయ పరీక్షకి కూర్చోనిస్తారు. అది పాసయ్యాకే రాష్ట్రం లైసెన్సు. డాక్టరేట్ ఒక్కటే ఉంచుతామని 2017లో ఒక ప్రకటన వచ్చి, అందరినీ కంగారుపెట్టి, రెండేళ్లకే వెనక్కి పోయింది. రెండు దారులూ ఉన్నాయి. పరీక్షా ఒకటే, లైసెన్సూ ఒకటే. పేరు ముందు డాక్టర్ అని ఉంటే మీ నాన్నకి చెప్పుకోవడానికి బాగుంటుంది, అది నిజం. దానికి ఇంకో 14 వారాల ప్రాజెక్టు, దాని ఫీజు అదనం. పాఠాలు చెప్పాలనో పరిశోధన చేయాలనో ఉంటే సరే. మంచం పక్కన పని చేయాలనుకుంటే మాస్టర్స్ చాలు.

ఇక నీ అయిదేళ్ల సీటు. ఇథాకా కాలేజీలాంటి చోట అయిదేళ్లు, మీ న్యూజెర్సీలోనే సీటన్‌హాల్‌లో మూడు ప్లస్ మూడు, ఇంకోచోట ఇంకో లెక్క. లాభం ఏమిటో నీకు తెలుసు. ఏడాది కలిసొస్తుంది, డిగ్రీ చివరి ఏట మళ్లీ దరఖాస్తుల పరుగు తప్పుతుంది. బదులుగా వాళ్లడిగేది, పదిహేడేళ్లకే నువ్వు తేల్చుకోవడం. నీ వయసులో నేను తేల్చుకున్నాననుకోకు. ఎమ్‌సెట్‌లో ర్యాంకు రాక ఓలట్‌పూర్ వెళ్లాను.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు అందరూ ఎలా చేరాలో అడుగుతారు. నువ్వు మధ్యలో ఎలా దిగిపోవచ్చో అడుగు. మూడో ఏడు అయ్యాక నాకిది వద్దనిపిస్తే చేతికి ఏ డిగ్రీ వస్తుంది? ఎప్పుడొస్తుంది? కొన్నిచోట్ల నాలుగో ఏడు చివర బ్యాచిలర్స్ ఇస్తారు, కొన్నిచోట్ల రెండు పట్టాలూ ఆఖర్నే. ఆ బ్యాచిలర్స్ ఒక్కదానితో ఎక్కడా థెరపిస్టుగా పని చేయలేవని గుర్తుంచుకో. హెల్త్ సైన్సెస్ అని రాసి ఉంటే దానితో ఇంకో మాస్టర్స్‌కి పోవచ్చు, అంతే. అందుకే సైకాలజీ గానీ బయాలజీ గానీ మొదటి డిగ్రీగా ఇచ్చే చోటంటే నాకు మొగ్గు.

సీటు వచ్చినా అది పూర్తిగా నీది కాదు. గ్రేడు సరాసరి ఫలానా అంకె కింద పడితే మాస్టర్స్ భాగంలోకి పోనివ్వరు. చాలాచోట్ల 3.0 అంటారు, కొన్నిచోట్ల ఇంకా పైన. ఎక్కువమందిని పడగొట్టేవి అనాటమీ, ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు. ఒక సబ్జెక్టులో సి వస్తే మళ్లీ రాయనిస్తారా, ఎన్నిసార్లు, అది కాగితం మీద చూపించమను. ఇది సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. కొత్తగా పెట్టిన కోర్సయితే ఎకోట్ పూర్తి గుర్తింపు వచ్చిందా, ఇంకా దారిలో ఉందా అన్నది కూడా చూడు.

డబ్బు మాట మీ అమ్మకి. మొదటి నాలుగేళ్లకి ఇచ్చే స్కాలర్‌షిప్ అయిదో ఏటికి ఉంటుందా? చాలావాటికి ఎనిమిది సెమిస్టర్లతో సరి. కాలేజీ లెక్కల్లో పిల్ల ఏ సెమిస్టర్ నుంచి గ్రాడ్యుయేట్ స్టూడెంట్ అవుతుందో అడుగు, అప్పు నియమాలు అక్కడ మారిపోతాయి. 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ అప్పు పథకం తీసేశారు. మామూలు మాస్టర్స్‌కి ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 20,500 డాలర్ల దగ్గర ఆగిపోతుంది. మిగతాది బయటి బ్యాంకు. 2023లో మావాళ్ల మధ్యస్థ వేతనం ఏడాదికి 96 వేల చిల్లర డాలర్లు. సాఫ్ట్‌వేర్ పిల్లల జీతంతో పోల్చకుండా, అప్పుతో పోల్చు.

ఆఖర్న ఫీల్డ్‌వర్క్ ఉంటుంది, కనీసం 24 వారాలు, పూర్తి రోజులు. సాధారణంగా జీతం రాదు సరికదా, ఆ వారాలకి ఫీజు నువ్వే కట్టాలి. ఊరుగాని ఊళ్లో వేస్తే అద్దె, కారు కూడా. నేను ఇలాంటి పిల్లల్ని చాలామందికి పని నేర్పాను. ఒకమ్మాయి, నీలాంటి కలిపిన కోర్సు నుంచే వచ్చింది, మార్కుల్లో మేటి. రెండో రోజు ఒక పెద్దాయనకి స్నానం నేర్పించేటప్పుడు తలుపు దగ్గరే నిలబడిపోయింది. ముసలి ఒంటిని ముట్టుకోలేకపోయింది పాపం. అయిదో ఏడు, ముప్పావు వంతు ఫీజు కట్టేశాక తెలిసింది ఆ సంగతి. ఎవరూ ఆ పిల్లని ముందే ఒక నర్సింగ్‌హోముకి తీసుకెళ్లలేదు.

నా మాట అడిగావు కాబట్టి: ఆ అయిదేళ్ల సీటుకి దరఖాస్తు పెట్టు. దాంతోపాటు సైకాలజీకి మీ రాష్ట్ర కాలేజీ ఒకటి పెట్టు. రెండిట్లో ఏదో ఇప్పుడే తేల్చకు, నవంబరు 1 లోపల దరఖాస్తులు వెళ్తే చాలు.

అక్టోబరు మొదట్లో ఒక శుక్రవారం బడి మాని కొలంబస్ రా. మీ అమ్మతో నేను మాట్లాడతా. మా సెంటర్‌లో రెండు రోజులు నా వెంట ఉండేలా అనుమతి అడిగాను. టీబీ టెస్టు కాగితం కావాలి, ఇప్పుడే చేయించుకో. ఎత్తు మడమల బూట్లు వద్దు. పొద్దున్న ఏడింటికి మొదలుపెడతాం, ఎందుకంటే బట్టలు వేసుకోవడం నేర్పేది బట్టలు వేసుకునే వేళకే. స్నానాల గది లోపలికి వస్తావా, తలుపు దగ్గర ఆగిపోతావా అన్నది నువ్వే చూసుకో, నేనేం అనను.

అమ్మమ్మ నిన్న వీడియోలో మాగాయ ఎడమచేత్తో వేసుకుని, కుడిచేత్తో కలుపుకుంది. నీకు చూపించమంది.

మీ పెద్దమ్మ