పిల్లలతో దూరప్రయాణం: విమానంలో ఒక ఖాళీ బాటిల్ పాఠం



వేసవి సెలవులు వచ్చేస్తున్నాయి. డల్లాస్‌లో బాబాయి ఇంటికో, న్యూజెర్సీలో అత్తయ్య దగ్గరికో టికెట్లు తీసుకున్న కుటుంబాలు మన స్కూల్లో చాలానే ఉన్నాయి. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు 4 గంటలు, అక్కడి నుంచి డల్లాస్‌కు సుమారు 16 గంటలు. పెద్దవాళ్లకే నడుము పట్టేసే ప్రయాణం ఇది.

పోయినేడాది అలా వెళ్లొచ్చిన ఒక నాన్నగారు పేరెంట్స్ మీటింగ్‌లో ఒక మాట చెప్పారు. దారంతా బుద్ధిగా ఉన్న యూకేజీ బాబు దిగే ముందు అరగంట ఆపకుండా ఏడ్చాడట. చుట్టూ అందరూ చూస్తుంటే తట్టుకోలేక ఒక దెబ్బ వేశారట. "వాడికి చెవి నొప్పి అని ఇల్లు చేరాక గానీ తెలియలేదు మేడమ్" అన్నారు. అలాంటి బాధ ఇంకెవరికీ కలగకూడదనే ఈ పాఠం.

చెవి ఎందుకు నొప్పి పెడుతుంది?

విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగిరినా, లోపల గాలి ఒత్తిడి దాదాపు ఊటీ కొండ మీద ఉన్నంత ఉంటుంది. కిందికి దిగేకొద్దీ ఆ ఒత్తిడి పెరుగుతుంది. మన కర్ణభేరి వెనక ఒక చిన్న గాలి గది ఉంది. ఆ గదిని ముక్కు వెనక భాగంతో ఒక సన్నని గొట్టం కలుపుతుంది. మనం మింగినప్పుడు, ఆవలించినప్పుడు అది తెరుచుకుని లోపలి ఒత్తిడిని సరిచేస్తుంది. అది తెరుచుకోకపోతే బయటి గాలి కర్ణభేరిని లోపలికి నెడుతుంది. అదే నొప్పి. చిన్నపిల్లల్లో ఈ గొట్టం మరీ సన్నగా ఉంటుంది.

దీన్ని మీ పిల్లలకు కళ్లకు కట్టినట్టు చూపించవచ్చు. విమానం పైన ఎగురుతున్నప్పుడు ఒక ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ ఖాళీ చేసి, మూత గట్టిగా బిగించి పిల్లల చేతికివ్వండి. దిగేసరికి బాటిల్ నొక్కుకుపోయి ఉంటుంది. మూత తీయగానే గాలి లోపలికి వెళ్తుంది. "నువ్వు గుటక వేస్తే నీ చెవి మూత కూడా ఇలాగే తెరుచుకుంటుంది" అని చెప్పండి. కారణం తెలిసిన పిల్లలకు భయం తగ్గుతుంది.

దిగేటప్పుడు ఏం చేయాలి?

- దిగడానికి అరగంట ముందే పిల్లల్ని నిద్ర లేపండి. నిద్రలో గుటకలు తక్కువ పడతాయి.
- పసివాళ్లకు పాలు పట్టండి. పెద్ద పిల్లలకు స్ట్రాతో కొంచెం కొంచెంగా నీళ్లు తాగించండి. నాలుగేళ్లలోపు వారికి గట్టి చాక్లెట్లు, పల్లీలు వద్దు, గొంతులో అడ్డుపడవచ్చు.
- జలుబు, చెవిపోటు ఉంటే ప్రయాణానికి ముందే డాక్టరుకు చూపించండి.

నిద్ర కోసం సిరప్ వద్దు

"కాస్త జలుబు మందు పొయ్యండి, హాయిగా పడుకుంటాడు" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. కొందరు పిల్లలకు ఆ మందు వల్ల నిద్ర రాకపోగా చికాకు పెరుగుతుంది. పసివాళ్లకు ఊపిరి మందగించే ప్రమాదం కూడా ఉంది. రోజూ ఇంట్లో కప్పుకునే దుప్పటి, పడుకునే ముందు వినే కథ చాలు.

తిండి, నీళ్లు

విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. దాహం అనకపోయినా గంటకోసారి నీళ్లు ఇవ్వండి. చేతి బ్యాగులో 100 మి.లీ. మించిన ద్రవాలను సాధారణంగా అనుమతించరు. పసిపిల్లల పాలకు, ఆహారానికి మినహాయింపు ఉంటుంది, సెక్యూరిటీ దగ్గర ముందే చెప్పండి. అమ్మమ్మ కట్టిచ్చిన మామిడిపండ్ల మీద ఎంత ప్రేమ ఉన్నా, అమెరికాలో దిగే ముందే తినేయండి.

చేరిన తర్వాత

వేసవిలో హైదరాబాద్‌కూ డల్లాస్‌కూ పదిన్నర గంటల తేడా. అర్ధరాత్రి రెండింటికి లేచి "ఆకలి" అంటే అది అల్లరి కాదు, ఒంటికి ఇంకా మన ఊరి టైమే నడుస్తోంది. పగలు ఎండలో ఆడించండి, రాత్రి లైట్లు తగ్గించండి. సర్దుకోవడానికి వారం పైనే పట్టవచ్చు. తిరిగొచ్చాక కూడా ఇంతే. అందుకే స్కూలు తెరిచే ముందు రోజు కాకుండా, కనీసం వారం ముందు వచ్చేలా టికెట్ తీసుకోండి.

ఇంకొక చిన్న పని. నొక్కుకుపోయిన ఆ బాటిల్‌ను మూత తీయకముందే ఒక ఫొటో తీయండి. జూన్‌లో స్కూలు తెరిచాక ఆ ఫొటో ఇచ్చి పంపండి. బాటిల్ ఎందుకు అలా అయిందో క్లాసులో మీ పిల్లలే చెబుతారు, మిగతావాళ్లు వింటారు.

శుభ ప్రయాణం!