కాలనీ పార్కు: కాగితం మీద, నేల మీద



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే పాఠం రాయమన్నారు. గ్రూప్స్ పరీక్షల్లో అక్కరకొచ్చేదీ, మన రోజువారీ బతుకుతో ముడిపడినదీ అయిన విషయం ఒకటి ఎంచుకున్నాను. అది మన చుట్టూ ఉన్న పార్కుల సంగతి.

నేను ఉన్న రోజుల్లో ఒక్కో గదిలో పన్నెండు మందిమి. స్టడీ అవర్‌లో ఒకడు గట్టిగా చదివితే మిగతా వాళ్ళకు చదువు సాగేది కాదు. పుస్తకం పట్టుకుని దగ్గరలోని కాలనీ పార్కుకు పోతే వాచ్‌మన్ "బయటి పిల్లలు రావద్దు" అని గేటు వేసేవాడు. అప్పుడు తలవంచుకుని వచ్చేశాం. ఆ పార్కు చట్టప్రకారం ఎవరిదో మాకు తెలియదు. తెలిసి ఉంటే కనీసం ఒక మాట అడిగేవాళ్ళం.

ముందుగా ఒక తేడా గమనించాలి. వనస్థలిపురం దగ్గర విజయవాడ హైవే పక్కన ఉన్న మహావీర్ హరిణ వనస్థలి కూడా పార్కే, కాని అది మున్సిపాలిటీది కాదు. ఒకప్పటి నిజాం వేటస్థలం అది. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ పేరు వచ్చింది. 1994లో జాతీయ ఉద్యానవనమైంది. 14.59 చదరపు కిలోమీటర్ల ఆ అడవి కృష్ణజింకల కోసం ఉన్నది, అటవీశాఖ చూసుకుంటుంది. మనం మాట్లాడుకునేది కాలనీ మధ్యలో ఉండే అరెకరం, పావెకరం స్థలాల గురించి.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలును చేర్చింది. అందులోని 18 అంశాల్లో 12వది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. ఈ అంశం సంఖ్య, షెడ్యూలు సంఖ్య ఒకటే కాబట్టి పరీక్షకు గుర్తుపెట్టుకోవడం సులువు. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం 2007 వరకు వేర్వేరు మున్సిపాలిటీలు. ఆ ఏడాది ఏప్రిల్‌లో చుట్టుపక్కల పురపాలికలతో పాటు అవీ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసి జీహెచ్‌ఎంసీ ఏర్పడింది. పాలించే కార్యాలయం పేరు మారినా పార్కు బాధ్యత మాత్రం స్థానిక సంస్థదే.

ఇక ఆ స్థలం ఎక్కడి నుండి వస్తుంది? భూమిని ప్లాట్లు చేసేటప్పుడు లే అవుట్‌లో 10 శాతం ఖాళీగా వదలాలి. రోడ్లతో పాటు ఆ స్థలాన్ని కూడా రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు ఉచితంగా రాసివ్వాలి. ఇక్కడ ఒక లెక్క వేద్దాం. 10 ఎకరాల లే అవుట్‌లో 10 శాతం అంటే ఒక ఎకరం, అంటే 4,840 గజాలు. 200 గజాల ప్లాట్లుగా కోస్తే 24 ప్లాట్లు. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల గజం ధర తెలిసిన వాడికి ఆ 24 ప్లాట్ల మీద ఆశ ఎందుకు పుడుతుందో వేరే చెప్పక్కరలేదు.

మన వైపు కాలనీలు చాలావరకు ఊళ్ళ పొలాల మీద లేచినవి. అనుమతి లేని వెంచర్లలో పార్కు కాగితం మీద కూడా ఉండదు. అలాంటి ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకాల్లో, 2007 నుండి, ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం చార్జీ పెట్టారు. విలువ 20 లక్షలైతే 2 లక్షల 80 వేలు. ఖజానాకు డబ్బు చేరుతుంది గాని, ఆ కాలనీ పిల్లవాడికి ఆడుకునే చోటు రాదు. ఈ పద్ధతి నాకు ఎప్పుడూ సమంజసంగా తోచలేదు.

ఖాళీ నేలకు ఇంకో పని ఉంది, నీళ్ళు ఇంకనివ్వడం. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు చుట్టూ ఉన్న కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయి. 2012 నాటి భవన నిబంధనల (జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు దాటిన చెరువు చుట్టూ 30 మీటర్ల వరకు కట్టడాలు ఉండకూడదు. ఆ పట్టీ పచ్చగా ఉంటే నడిచేవారికి తోట, వానకాలంలో చెరువుకు ఊపిరి.

పార్కు ప్రారంభోత్సవం సులువు, నడిపించడం కష్టం. ఫౌంటెన్‌కు, రంగు బెంచీలకు డబ్బు దొరుకుతుంది. మాలీ జీతానికి, బోరు మోటారు మరమ్మతుకు దొరకదు. పచ్చిక బయలుకు వేసవంతా నీళ్ళు కావాలి. వేప, కానుగ, రావి మొదటి రెండు మూడేళ్ళు తడిపితే ఆ తర్వాత చాలావరకు వాటంతట అవే బతుకుతాయి. 500 గజాల స్థలంలో వాకింగ్ ట్రాక్, క్రికెట్ రెండూ ఇమడవు. అందుకే ఆటస్థలాన్ని మొదటే వేరుగా చూపాలి. లేకుంటే "ఆటలు నిషేధం" అనే బోర్డు వెలుస్తుంది. పొద్దున, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం తాళం వేస్తే వాకర్లకు ఇబ్బంది లేదు. ఒంటిగది ఇళ్ళలో ఉండే బస్తీ తల్లులకు, మనలాంటి చదువుకునే వాళ్ళకు ఆ మధ్యాహ్నమే అవసరం. కాలనీ సంఘానికి నిర్వహణ అప్పగించడం మంచిదే, అయితే అప్పగించేది పనిని గాని స్థలాన్ని కాదు. గిఫ్ట్ డీడ్ మున్సిపాలిటీ పేరున ఉన్న పార్కు ప్రజలందరిదీ.

పార్కు స్థలం చేతులు మారితే అడగవచ్చునా? అడగవచ్చు. బెంగుళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే అక్కడి నివాసులు కోర్టుకెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు (బెంగుళూర్ మెడికల్ ట్రస్ట్ కేసు) వారి పక్షాన తీర్పు చెప్పింది. మన నగరంలో ఆక్రమణలు చూసేందుకు 2024 జులైలో హైడ్రా ఏర్పడింది. ఫిర్యాదు ఎవరికి చేసినా మొదట కావలసింది లే అవుట్ నకలు.

దానికి సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. నగర కార్యాలయంలో ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి అదీ లేదు. దానికి రుజువు జిరాక్స్ జత చేస్తే చాలు. జవాబుకు గడువు 30 రోజులు. "పార్కు ఏమైంది?" అని రాస్తే ఏమీ తేలదు. సర్వే నంబరు, కాలనీ పేరు రాసి, ఆమోదిత లే అవుట్ నకలు, గిఫ్ట్ డీడ్ నకలు, నిర్వహణ ఒప్పందం ఉంటే దాని నకలు, తెరిచి ఉంచే వేళలపై ఉన్న ఉత్తర్వు అడగాలి.

ఈ నాలుగూ అడుగుతూ రాసిన దరఖాస్తు నమూనా ఒకటి హాస్టల్ లైబ్రరీ బీరువాలో, పాత ఎంప్లాయిమెంట్ పేపర్ల పక్కన పెట్టాను. సర్వే నంబరు చోటు ఖాళీగా ఉంది.