కేటలాగులో పాఠకుడి చేతిరాత

గ్రంథాలయంలో పాఠకుడి పని పుస్తకం తీసుకోవడం, గడువులోగా తిరిగి ఇవ్వడం. కేటలాగు రాసే పని గ్రంథపాలకుడిది. ఇంటర్నెట్ ఈ హద్దును కొంత చెరిపింది.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 జనవరిలో తన దగ్గరున్న 3,000కు పైగా పాత ఫోటోలను ఫ్లికర్ వెబ్‌సైటులో ఉంచింది. వాటిలో దాదాపు సగం 1910 ప్రాంతపు వార్తా చిత్రాలు. గాజు నెగటివ్ మీద గీసిన ఒకటి రెండు మాటలే చాలావాటికి ఆధారం. చూసినవారు ఈ వీధి ఫలానా ఊరిదని, ఈ మనిషి ఫలానా అని కింద రాశారు. సిబ్బంది వాటిని సరిచూసి, నిలిచినవాటినే కేటలాగులో చేర్చారు. ఆ అక్టోబరు నాటికి 500కు పైగా రికార్డులు మెరుగుపడ్డాయి. సరిచూడడమే అసలు పని అని నా ఉద్దేశం. అది లేకపోతే గోడ మీద రాతలకూ దీనికీ తేడా ఏముంది?

మన హాస్టల్ గ్రూపు ఫోటోలకూ ఇలాగే చేయవచ్చు. సెల్‌ఫోనుతో తీసి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు. వచ్చిన ప్రతి పేరు పక్కన చెప్పినవారి పేరు, తేదీ రిజిస్టరులో రాయాలి. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ ఉంచి మూడోవారిని అడగాలి. పాత ఫోటోల్లో వార్డెను గారి పేరు అచ్చులో ఉంటుంది. చివర నిలబడ్డ వంటమనిషి పేరు ఉండదు. ముందు ఆయన గురించే అడుగుదాం.