ఏటిరాతి క్రింది పురుగు: మేఫ్లై పిల్లను గుర్తించుట

మన ధర్మపురి జిల్లాలో చిన్నారు హొగేనకల్ వద్ద కావేరిలో కలియుచున్నది. ఇట్టి యేటిలోని రాతి నొకదానిని మెల్లగా ఎత్తి అడుగుభాగము చూచినచో చిన్న పురుగులు ప్రక్కలకు జారిపోవుట కానవచ్చును. వానిలో మేఫ్లై పిల్ల యేదియో తెలిసికొను విధమును ఇచ్చట చెప్పదలచితిమి. వానకాలమున దీపములచుట్టు మూగు ఉసిళ్ళు వేరు. అవి చెదల జాతి.

మేఫ్లై జాతికి శాస్త్రజ్ఞులు ‘ఎఫిమెరాప్టెరా’ అని పేరిడిరి. ఒక్కనాటి రెక్కలు కలదని గ్రీకుభాషలో దాని భావము. రెక్కలు పూర్తిగా ఎదిగిన పిదప ఇది ఆహారము గొనదు. పెక్కు జాతులు కొలది గంటలో, ఒకటి రెండు దినములో జీవించును. అంతకు ముందటి బ్రదుకంతయు నీటిలోనే.

గుర్తులు మూడు. మొదటిది మొప్పలు: ఇవి పొట్టకు ఇరువైపుల ఆకులవలెనో పోగులవలెనో వరుసగా నుండును. రెండవది తోకలు: సాధారణముగా మూడు సన్నని దారములు, కొన్నిటికి రెండే. మూడవది గోళ్ళు: ఒక్కొక్క కాలి చివర ఒక్కటే.

సన్నతూనీగ పిల్లకును వెనుక మూడు కలవు. కాని అవి దారములు గావు, ఆకులవంటి మొప్పలు. స్టోన్‌ఫ్లై పిల్లకు తోకలు రెండు, ఒక్కొక్క కాలికి గోళ్ళును రెండు. కావున తోకల లెక్కతో ఆగరాదు.

ఆకారము నివాసమును తెలుపును. వడినీటి రాళ్ళ నంటియుండు హెప్టజీనిడే కుటుంబపు పిల్ల బల్లపరుపుగా నుండును. కన్నులు తలపైభాగమున నుండును. బేటిడే పిల్ల చిరుచేపవలె ఈదును. సీనిడే పిల్ల పొట్టపై రెండు చదరపు మూతలు వెనుకటి మొప్పలను బురదనుండి కాపాడును.

ఇందువలన ప్రయోజనమేమి? మురుగు చేరి నీటిలో ప్రాణవాయువు తగ్గినచో పెక్కు మేఫ్లై జాతులు నిలువజాలవు. పలువిధముల పిల్లలు కనబడుట ఏటి ఆరోగ్యమునకు గుర్తు. అంతమాత్రమున ఆ నీరు త్రాగదగినదని తలపరాదు. మన జిల్లా భూగర్భజలములలో పలుచోట్ల గల ఫ్లోరైడును ఏ పురుగును చూపజాలదు. పండ్లపై మచ్చలను, ఎముకల వ్యాధిని కలిగించు ఆ దోషము నీటిపరీక్షవలననే తెలియును. దాని నివారణకే 2013లో హొగేనకల్ కావేరీజలములను పంచు పథకము ఆరంభమైనది.

పెద్దలు వెంట నుండగా, వడిలేని లోతు తక్కువ పాయకే బిడ్డలను కొనిపోవుదము. తెల్లని పళ్ళెములో నీరు పోసి, భూతద్దముతో చూపి, మొప్పలను, తోకలను, గోళ్ళను తెలుగున చెప్పింతము. పిదప పురుగును నీటనే విడిచి, రాతిని ఉన్నచోటనే ఉంచుదము.