అప్పుల దిగులు - పంచాయతీ సభ్యులు చేయదగిన సాయము

రోడ్లు, వీధిదీపములు, మంచినీటి ట్యాంకులు మొదలగువానిని గూర్చి పంచాయతీ సమావేశములలో విరివిగా చర్చలు జరుగుచుండును. గ్రామమందు పెక్కు ఇండ్లలో రాత్రులు నిద్ర లేకుండ చేయుచున్న అప్పులను గూర్చి మాత్రము ఎవరును నోరు మెదపరు. అది ఆయా కుటుంబముల సొంత వ్యవహారమని భావించుట వాడుకయైపోయినది. 2019వ సంవత్సరపు జాతీయ నమూనా సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో నూటికి దాదాపు 92 వ్యవసాయ కుటుంబములు అప్పులో నుండెను. దేశము మొత్తముమీద ఈ సంఖ్య 50. ఇంతమందికి గల కష్టమును ప్రతివాడును తన యొక్కనిదే యనుకొని దాచుకొనుచున్నాడు.

అప్పు చేయు హాని వడ్డీతో ఆగదు. తమిళనాడులోని విల్లుపురం, తిరువణ్ణామలై ప్రాంతములలో 464 మంది చెరకు రైతులను పరిశోధకులు పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చిన తరువాత ఒకసారి పరీక్షించిరి. 2013లో ప్రకటింపబడిన ఆ ఫలితములనుబట్టి, చేతిలో డబ్బు లేని దినములలో అదే రైతు ఆలోచనకు సంబంధించిన పరీక్షలలో వెనుకబడెను. అతని తెలివి తరుగలేదు. మనస్సంతయు చెల్లింపుల చుట్టునే తిరుగుచుండుటచే ఇతర విషయములకు అందు చోటు చాలలేదని వారు వివరించిరి. మన రైతు కొత్త నోటుపై సంతకము చేయునదియు సరిగా ఆ దినములలోనే గదా! విత్తనములకు, ఎరువులకు తొందరపడు వేళ, ఎవరు ముందు డబ్బు చూపిన వారి షరతులకే ఒప్పుకొనును.

కావున సభ్యులు మొదట చేయదగినది ధైర్యవచనములు పలుకుట కాదు. ఆ కుటుంబముతో కూర్చుండి అప్పుల పట్టిక వ్రాయించుట. ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఎప్పటినుండి, ఏ కాగితముమీద అను అయిదు విషయములు అందుండిన చాలును. పట్టిక వ్రాయునపుడు ఇంటి ఇల్లాలు తప్పక ఉండవలెను. భర్తకు తెలియని సంఘము అప్పు, భార్యకు తెలియని ప్రైవేటు నోటు పెక్కు ఇండ్లలో గలవు.

ఒక కుటుంబమును ఊహింతము. బ్యాంకులో పంటఋణము 1,20,000 రూపాయలు. మహిళాసంఘము ద్వారా నూటికి రూపాయి వడ్డీకి 40,000. ఎరువుల దుకాణములో ఉద్దర 35,000. ప్రామిసరీ నోటుపై నూటికి మూడు రూపాయల వడ్డీకి 1,00,000. మొత్తము 2,95,000. ఈ అంకెను తలంచుకొనియే ఆ రైతు కుంగిపోవుచున్నాడు. వడ్డీలు విడదీసి చూడుడు. బ్యాంకుకు ఏడు శాతము చొప్పున ఏటికి 8,400, సంఘమునకు 4,800, నోటుకు 36,000. దుకాణపు వడ్డీ సాధారణముగా సరకు ధరలోనే కలిసిపోయి యుండును. అనగా కంటికి కనబడు వడ్డీ 49,200లో నాలుగింట మూడు వంతులు ఆ ఒక్క నోటుదే. అయినను ఆ రైతు చేతికి వచ్చిన డబ్బును ఎవరు ఎక్కువగా గదమాయించిన వారికే ఇచ్చుచుండును. వ్రాసి చూచుకొననివానికి పెద్ద గొంతు గలవాని అప్పే పెద్ద అప్పుగా తోచును.

ఆ నోటు సంగతి ఇంకను గలదు. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేండ్లు. అంతవరకు వడ్డీ కట్టలేకపోయినచో 1,08,000 రూపాయల వడ్డీని అసలులో కలిపి 2,08,000కు కొత్త నోటు వ్రాయించుకొందురు. నెలకు 3,000 ఉన్న వడ్డీ ఆనాటినుండి 6,240 అగును. తిరగవ్రాయుటకు ముందే నలుగురు పెద్దలు కూర్చుండి వడ్డీ తగ్గింపించిన మేలు అంతయింత కాదు. కట్టిన ప్రతి పైకమునకు నోటు వెనుక తేదీతో చెల్లు వేయించుకొనవలెను. అట్టి చెల్లువలన నోటు గడువు పెరుగును. అది తెలిసియే వేయించుకొనవలెను. గడువు దాటించి అప్పు ఎగవేయుమని మేము చెప్పుట లేదు. ఖాళీ నోటుపై సంతకము చేయవలదని మాత్రము గట్టిగా చెప్పుచున్నాము.

ఇక్కడ ఒక మాట నిష్కపటముగా చెప్పక తప్పదు. సభ్యులలో కొందరు స్వయముగా వడ్డీకి అప్పులిచ్చువారు ఉందురు. అట్టివారు ఈ చర్చలలో కూర్చుండరాదు.

బ్యాంకు పంటఋణము మూడు లక్షల వరకు ఏడు శాతమునకు లభించును. గడువులోగా చెల్లించినవారికి మూడు శాతము తగ్గి నాలుగే మిగులును. ఊహించిన కుటుంబమునకు అది 3,600 రూపాయల లాభము. ప్రకృతి వైపరీత్యము ప్రకటింపబడిన ప్రాంతములలో పంట నష్టపోయినవారు, ఋణము గడువు పొడిగింపుమని బ్యాంకును కోరవచ్చును. కోరునది గడువునకు ముందే కోరవలెను. తోడుగా ఒక సభ్యుడు వెళ్లుట మంచిది. కౌలురైతు చేతిలో కాగితము లేనందున అతనికి ఈ ద్వారము తరచు మూతబడి యుండును. భూస్వామికి నచ్చజెప్పి సంతకము చేయించుట సభ్యులవంటి వారికే సాధ్యము.

ఈ సంభాషణ రచ్చబండమీద జరుపరాదు. సిగ్గుపడినవాడు సగము అప్పే చెప్పును. చీకటిపడిన తరువాత వారి యింటి అరుగుమీదనో, పొలము గట్టుననో మాటలాడుడు.

కొందరి విషయములో పట్టికకంటె ముందు చూడవలసినది వేరుగా నుండును. నలుగురిలోనికి రాకుండుట, నిద్రాహారములు మానుట, ఉన్నట్టుండి కాగితములన్నియు భార్యకు అప్పగించుట, "నేను లేకపోయిన మీకు ఈ బాధ ఉండదు" అనుట కనిపించినచో ఆలస్యము చేయరాదు. చనిపోవు తలంపు గలదా అని సూటిగా, మెత్తగా అడుగుడు. అడిగినందువలన లేని తలంపు పుట్టదు, ఉన్నది బయటపడును. అతనిని ఒంటరిగా విడువకుడు. పురుగుమందు డబ్బాలను ఆ యింటినుండి తీయించి వేరొకచోట తాళమువేసి ఉంచుడు. 2022లో ప్రారంభింపబడిన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరున రాత్రింబవళ్లు ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును. ఫోను సభ్యుడే కలిపి చేతికిచ్చిన నయము.

వ్రాసిన పట్టిక ఆ కుటుంబమువద్దనే ఉండవలెను. పంచాయతీ కార్యాలయములో దాని నకలు ఉంచరాదు. పంట అమ్మిన వారములోగా సభ్యులు మరల ఆ యింటికి వెళ్లి, వచ్చిన సొమ్ములో నోటుకు ఎంత, బ్యాంకుకు ఎంత, ఇంటి ఖర్చులకు ఎంత అని దంపతులచేతనే దానిపై వ్రాయింపవలెను.